కఫీలు గారి స్కోపు, కాకా పెట్టిన బొట్టు

నా చేతుల మీదుగా చచ్చిన జీవాల్లోకెల్లా పెద్దది బొద్దింక. అదైనా నా ఒక్కడి ఘనత కాదు. చెప్పు పట్టుకున్నది నేనైతే, ఎటు కొట్టాలో మంచం మీద నిలబడి చెప్పింది మా ఆవిడ. అలాంటి నన్ను పిలిపించి షార్జాలో ఒక పెద్దమనిషి, దూరపు వేటకు తుపాకీ మీద బిగించుకునే స్కోపుల్లో ఏది గట్టిదో తేల్చి చెప్పమన్నారు. ఆ దేశంలో వేటగాళ్ళు కరువయ్యి కాదు. తప్పంతా నా ఉద్యోగానిది.

నేను సర్వేయర్ని. రోడ్డు వేసే ముందు మూడుకాళ్ళ స్టాండు మీద గొట్టం పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటితో దూరాన ఉన్న కర్రను చూసి లెక్క రాసుకోవడం నా పని. మూసిన కన్ను ఏళ్ళ తరబడి నీడపట్టున హాయిగా నిద్రపోవడం వల్ల నా ముఖం ఒక వైపు ఇంకా పెళ్ళిచూపుల నాటిదే. రెండో వైపు మాత్రం మా తాతగారిది. ఆ దూరాన కర్ర పట్టుకుని నిలబడే మనిషిని అందరూ కాకా అంటారు. జగిత్యాల పక్క పల్లె ఆయనది. నాది గోదావరి ఒడ్డు. ఎడారిలో ఆయన ఆ చివర, నేను ఈ చివర నిలబడి అరుచుకుంటూ సగం వయసు గడిపేశాం. మా ఇద్దరి మధ్యా ఉన్న దూరాలన్నీ కలిపితే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, తిరిగి రావచ్చు.

కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి జారి అక్కడే కాపురం పెట్టిన రోజులవి. మా కంపెనీ యజమాని, నా వీసాకు పూచీ పడ్డ కఫీలు, ఒక మధ్యాహ్నం తన మజ్లిస్‌కు రమ్మని కబురు చేశారు. మజ్లిస్ అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాలు. ఆయనది ఎంత పెద్దదంటే, ఈ చివర పోసిన గహ్వా కాఫీ ఆ చివర కూర్చున్న మనిషికి చేరేసరికి అతను ఆకలేసి ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. ఏసీ చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే, భయంతో వణుకుతున్నానేమోనని పనిమనిషి జాలిగా చూసింది. నిజానికి రెండూ ఉన్నాయి. కఫీలు ఊరికే పిలిచిన రోజు గల్ఫ్ చరిత్రలో లేదు.

"ముహందిస్, కూర్చో," అన్నారాయన. ముహందిస్ అంటే ఇంజనీరు. నేను కాదని చాలాసార్లు చెప్పాను. ఆయన నాకు పదవి ఇచ్చేసి మర్చిపోయారు, జీతం సంగతి కూడా అలాగే. ఆయన మాట సగం అరబీ, సగం హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను గానీ, రుచి కోసం అక్కడక్కడా ఆయన మాటలే ఉంచుతాను.

"నువ్వు రోజూ దుర్భిణిలో చూస్తావు కదా?"

"చూస్తాను, అర్బాబ్." యజమానిని అక్కడ అలాగే పిలవాలి.

"అది అబద్ధం చెబితే నీకెట్లా తెలుస్తుంది?"

నా ఉద్యోగంలో ఇంత లోతైన ప్రశ్న మా ప్రాజెక్ట్ మేనేజర్ కూడా ఏనాడూ అడగలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన కథ మొదలుపెట్టారు.

ఎమిరేట్స్‌లో అడవి జంతువుల్ని వేటాడటానికి చట్టం ఒప్పదు. అందుకని ఆయన ఏటా ఒకసారి, అనుమతి కాగితాలన్నీ తీసుకుని, పేరు పలకబోతే నాలుక మడతపడే ఒక మంచుకొండల దేశానికి వెళ్ళి, కొండమేక వేట ఆడి వచ్చేవారు. కిందటి ఏడాది అక్కడ గుర్రం కాలు జారింది. జీనుకు కట్టిన తుపాకీ బండకు తగిలింది. తీసి చూస్తే ఎక్కడా గీత కూడా పడలేదు, అద్దం నిక్షేపంలా ఉంది. మర్నాడు లోయకు అవతల ఒక మేక నిలబడి ఉంది. ఆయన దాని భుజం వెనక గురి చూసి కొట్టారు. గుండు పోయి వెనక కాలికి తగిలింది. అది కుంటుకుంటూ గట్టు దాటి పోయింది. రాళ్ళ మీద నెత్తురు చుక్కలు పట్టుకుని వెతుకుతూ వెళ్ళారు. మంచు కురిసి చుక్కలు కప్పేసింది. దొరకలేదు.

"చచ్చిపోయి ఉంటే బాగుండేది," అన్నారు. "చచ్చిందో, ఆ కాలితోనే తిరుగుతోందో, వల్లా, దేవుడి మీద ఒట్టు, నాకు తెలియదు."

తరవాత రెండు చేతులూ నా ముందు చాపారు. ఉంగరాల వేళ్ళు, మచ్చలు పడ్డ చర్మం.

"ఇవి వణికాయా, గొట్టం తప్పు చెప్పిందా, నువ్వు తేల్చు. చేతులదే తప్పయితే ఖలాస్, ఇక వెళ్ళను. గొట్టానిదయితే, దెబ్బ తగిలినా మాట మార్చనిది ఒకటి ఏరి ఇవ్వు. ఇంకొక్కసారి వెళ్తాను. వచ్చే ఏడాదికి మోకాళ్ళు ఒప్పుకోవు."

వంటింటి గుమ్మం దగ్గర నన్ను ఆపింది వంటావిడ. అమలాపురం పక్క ఆవిడ, ఆ ఇంట్లో చాలాకాలంగా ఉంది, కఫీలును బాబా అంటుంది. "ఏమన్నారు తమ్ముడుగారూ, బాబా? ఆ కొండమీంచి వచ్చినకాడి నించీ మాంసం ముట్టట్లేదండీ. ముక్కలు పక్కకి నెట్టేసి అన్నంలో పెరుగు పోసుకుని లేచిపోతన్నారు. అరబ్బుల ఇంట్లో పెరుగన్నం కలపడానికా నేను ఇమానం ఎక్కొచ్చింది?"

ఆ పెరుగన్నం మాట వినగానే నాకు విషయం సగం అర్థమైంది. మిగతా సగం ఆ గొట్టంలో ఉంది.

సజ్జాలో మా కంపెనీ యార్డు ఉంది. కంకర క్రషర్ల మధ్య, దుమ్ము తప్ప ఇంకేమీ ఉచితంగా దొరకని చోటు. అక్కడ మా సర్వే సామాన్లను సరిచూసుకోవడానికి ఒక కాంక్రీటు దిమ్మె, దానికి ఎదురుగా బాగా దూరాన ఒక గోడ, గోడలో ఒక మేకు ఉన్నాయి. ఆయన తుపాకీ ఎప్పుడూ షూటింగ్ క్లబ్బులోనే తాళం వేసి ఉంటుంది. దాన్ని మేం చూడను కూడా చూడలేదు. స్కోపు మాత్రం కఫీలు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి అది ఆయన కళ్ళ ముందే ఉండాలని నేను ముందే పెట్టిన షరతు.

పాత స్కోపును దిమ్మె మీద ఇనుప పట్టీలతో బిగించాం. లోపల ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. రెండూ కలిసే చోటును మేకు తల మీద కూర్చోబెట్టాను. కఫీలు వంగి చూశారు. "సీదా," అన్నారు. నేను రబ్బరు సుత్తితో పక్క నుంచి గొట్టం మీద ఒక్కటి కొట్టాను. మరీ గట్టిగా కాదు, అలిగి పడుకున్న పెళ్ళికొడుకును అత్తగారు తట్టి లేపినంత.

మళ్ళీ చూస్తే గీతల కూడలి మేకు మీంచి దిగి, సామాన్లు సర్దుకుని, పక్కవీధికి కాపురం మార్చేసింది.

కఫీలు చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక గొట్టాన్ని కాదు, తన చేతుల్ని చూసుకున్నారు. వాటిని ఒంటి మీది పొడుగు అంగీకి, కందూరాకు, అటూ ఇటూ తుడుచుకున్నారు, ఏదో అంటుకుని ఇప్పుడే వదిలినట్టు.

కాకా కూడా వంగి చూసి తీర్పు చెప్పాడు. "పైకెల్లి చూస్తే మస్తుగుంటది సారూ. లోపట ఇస్క్రూ లూజు. అచ్చం మా బామ్మర్ది లెక్క."

ఇక కొత్తది ఎంచాలి. కఫీలు చుట్టం ఒకాయనకు వేట సామాన్ల దుకాణం ఉంది. అక్కడ అద్దాల బీరువాల్లో స్కోపులు పెళ్ళికి సిద్ధమైన రాకుమారుల్లా వరసగా పడుకుని ఉన్నాయి. సేల్స్‌మన్ ఒక్కొక్కదాన్ని మఖమల్ గుడ్డ మీద పెట్టి పరిచయం చేశాడు.

"ఇది నీళ్ళల్లో పడేసినా ఏం కాదు. ఇది మేడ మీంచి వేసినా ఏం కాదు. ఇదైతే సార్, ట్రక్కు కింద పెట్టినా పగలదు."

"ట్రక్కు తొక్కాక గురి ఎక్కడ చూపిస్తుంది?" అన్నాను.

అతను నన్ను, సంబంధం చూడ్డానికి వచ్చి పిల్ల ఎముకలు లెక్కపెట్టే మనిషిని చూసినట్టు చూశాడు. నిజానికి ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా నాకూ తెలియదు, నేను వెతికేది అదేనని. గట్టిదంటే పగలనిది అని ఊరంతా అనుకుంటుంది. కఫీలు పాత స్కోపు ఎక్కడ పగిలింది? పగిలి ఉంటే ఆయన ఆ రోజు తుపాకీ ఎత్తేవారే కాదు, మేక కాలు మేకకు ఉండేది. అప్పటి నుంచీ నాకు ఇదొక పిచ్చి పట్టుకుంది. అన్నం తింటూ కూడా, చెంచా పడేస్తే చెంచా ఏ వైపు చూస్తుందా అని ఆలోచించేవాణ్ణి. మా ఆవిడ చెంచాలు దాచేసింది.

చివరికి మూడింటిని పరీక్షకు తెచ్చుకున్నాం. ఒకటి సన్నగా, పొడుగ్గా, అపారమైన చూపు ఉన్నది. దాన్ని పూర్తిగా తిప్పి చూస్తే క్రషర్ అవతల పనిచేస్తున్న మనిషి మీసంలో తెల్లవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. రెండోదానికి బ్యాటరీ, లోపల ఎర్రదీపం, పక్కల అంకెలు, మా టీవీ రిమోట్ కంటే ఎక్కువ బొత్తాలు. మూడోది పొట్టిగా, లావుగా, దబ్బకాయకు గొట్టం తొడిగినట్టుంది. షాపులో దాన్ని అన్నిటికంటే వెనక పెట్టారు.

మొదటిదాన్ని చూడగానే కఫీలు మనసు పారేసుకున్నారు. నాకూ నచ్చింది. అయితే సజ్జా ఎండలో దాని చూపు పెంచుకుంటూ పోతే, గోడలో మేకు నీళ్ళల్లో చేపలా ఈదటం మొదలుపెట్టింది. మేకును పెద్దది చేసే గొట్టం ఎండమావిని కూడా పెద్దది చేస్తుంది మరి. మంచుకొండల్లో ఎండమావి తక్కువే అనుకోండి. అక్కడి గండం చలి. చలి ఎక్కడ తేవాలి, షార్జాలో, ఆగస్టులో?

"మా వంటింట్లో," అన్నారు కఫీలు.

మూడింటినీ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఆయన ఇంటి ఫ్రీజర్లో పెట్టాం. షరతు ప్రకారం కాపలా ఉండాలి కాబట్టి కఫీలు స్వయంగా ఒక స్టూలు వేసుకుని ఫ్రీజర్ పక్కన కూర్చున్నారు. ఆ ఇంటి యజమాని వంటింట్లోకి రావడం వంటావిడ చూడటం అదే మొదటిసారి. బజారుకెళ్ళి వచ్చి, సంగతి తెలియక ఫ్రీజర్ తలుపు తీసింది.

"తమ్ముడుగారూ! ఇదేం చేపండీ? పొలుసుల్లేవు, తోక లేదు. కళ్ళు మాత్రం ఈ చివరొకటి, ఆ చివరొకటీనూ!"

"దాన్ని కడక్కండి అక్కగారూ!"

"కడగను బాబూ, ఎలా కొయ్యాలో చెప్పండి చాలు."

కఫీలుకు తెలుగు రాదు. అయినా ఎందుకో నవ్వారు. ఆవిడ ఆయనకు అల్లం టీ ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగి, నా వంక తిరిగి, "ఇంత మంచి టీ మజ్లిస్‌కు ఎందుకు రాదు?" అన్నారు. దారి దూరం, వచ్చేలోపు చల్లారిపోతుందని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

బయటికి తీసి కాసేపుంచి చూస్తే, పైన మంచు అన్నిటికీ పట్టింది. తుడిస్తే పోయింది. పొడుగుదానికి మాత్రం లోపల కూడా పట్టింది. అద్దానికి అవతల పొగలాగా. అది తుడిస్తే పోదు, తిడితే పోదు. లోపలి గాలిలో తడి లేకుండా మూసి ఉండాలట, దానికి ఎక్కడో సన్నని సందు ఉన్నట్టుంది. కఫీలు దాన్ని చేతిలోకి తీసుకుని, పెళ్ళి తప్పిపోయిన సంబంధాన్ని చూసినట్టు చూసి, పెట్టెలో పెట్టేశారు.

బ్యాటరీదాన్ని దిమ్మె మీద బిగించి, పైనున్న మరను తిప్పాను. అది టిక్కు టిక్కుమంటూ గురిని ఇంతింత జరుపుతుంది. కొన్ని టిక్కులు పైకి, అన్నే కుడికి, అన్నే కిందికి, అన్నే ఎడమకి. నాలుగు వీధులూ తిరిగితే మన ఇంటి గుమ్మానికే రావాలి కదా. అది మాత్రం పక్కింటి అరుగు మీద ఆగి, "ఇదే మన ఇల్లు" అంది. మళ్ళీ తిప్పాను. ఈసారి ఇంకో ఇంటికి వెళ్ళింది.

"గిది తాగుబోతు గొట్టం సారూ," అన్నాడు కాకా.

మిగిలింది దబ్బకాయ. చలికి చలించలేదు, నాలుగు వీధులూ తిరిగి సొంత గుమ్మం ముందు చెప్పులు విప్పింది. ఇక గుర్రం పరీక్ష. గుర్రం బదులు మా పాత పికప్. ఆ బండి గుర్రం కన్నా ఎక్కువ సకిలిస్తుంది, ఎక్కువసార్లు మోకాళ్ళ మీద పడుతుంది. స్కోపును ఇనుప చానల్‌కు బిగించి, ఆ చానల్‌ను వెనక తొట్టెకు బిగించాం. కాకా స్టీరింగు పట్టుకున్నాడు. కఫీలు ముందు సీట్లో వెనక్కి తిరిగి, అద్దంలోంచి స్కోపును కాపలా కాశారు. నేను మధ్యలో. క్రషర్ల మధ్య ఉండే ఆ దారి లారీలు తొక్కి తొక్కి బట్టలుతికే పలక లాగా అయింది. దాని మీద వెళ్తుంటే నా కిడ్నీలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి, కాకా మాటలన్నీ ముక్కలుముక్కలుగా వినపడ్డాయి, నా కట్టుడు పన్ను ఒకటి తన సొంత ఉద్యోగం వెతుక్కుంటూ బయలుదేరబోయింది.

"యల్లా, ఇంకా జోరుగా!" అన్నారు కఫీలు. ఆయన వయసు ఆ కుదుపులకు సగం రాలిపోయినట్టుంది.

తిరిగొచ్చి దిమ్మె మీద పెట్టి చూశాను. గీతల కూడలి మేకు తల మీదే ఉంది. నమ్మకం కలగక మళ్ళీ చూశాను. కాకాను చూడమన్నాను.

"గోడ కదిలిందేమో గని గిది కదల్లే."

కఫీలు దాన్ని రెండు చేతులతో ఎత్తారు. ముఖంలో సంతోషం మెల్లగా కిందికి దిగింది. "బరువు, ముహందిస్. దీన్ని పెట్టుకుని కొండెక్కాలి."

నిజమే. అందులో గట్టితనమంతా ఇనుమే. కాకా తల గోక్కుని అడిగాడు. "అర్బాబ్, థైలే మే ఔర్ క్యా క్యా హై?"

ఆయన సంచిలో ఉండేవన్నీ చెప్పుకుంటూ పోయారు. దుప్పటి, ఖర్జూరాలు, మందులు, గహ్వా కూజా.

"కూజా దేనిది?"

"ఇత్తడి. మా నాన్నది."

"గంతే. కూజా ఇంట్ల వెట్టుండ్రి, ఫ్లాస్కు పట్టుకపోండ్రి," అని కాకా తెలుగులోనే అనేశాడు.

నేను హిందీలోకి మార్చి చెప్పడానికి భయపడ్డాను. అరబ్బును గహ్వా కూజా వదిలిపెట్టమనడం, నన్ను ఆవకాయ లేకుండా దేశాంతరం పొమ్మనడం ఒకటే. చెప్పక తప్పలేదు. కఫీలు కూజా వైపు, అంటే అది ఉన్న తన ఇంటి వైపు, కాసేపు చూశారు. తరవాత స్కోపును ఇంకోసారి ఎత్తి చూశారు. "సరే. ఫ్లాస్కు," అన్నారు.

ప్రయాణానికి ముందురోజు దసరా వచ్చింది. మా సర్వే గదిలో కాకాదే పెత్తనం. ఏడాదంతా మాకు కూడు పెట్టే సామాను కాబట్టి ఆ రోజు దాంతో పని చేయించడు. స్టాండులు, గొట్టాలు, టేపులు, సుత్తులు అన్నీ కడిగి బల్ల మీద వరసగా పెట్టి పసుపు రాసి బొట్టు పెడతాడు. యార్డు గేటు బయట ఒక గాఫ్ చెట్టుంది. ఈ దేశం నెత్తిన పెట్టుకునే చెట్టు. ఎవరైనా కొమ్మ విరిస్తే ఊరుకోరు. అది మన జమ్మే. ఆయుధాలకూ ఆ చెట్టుకూ ఉన్న చుట్టరికం మనకు కొత్త కాదు. కాకా చెట్టును ముట్టుకోకుండా కింద రాలిన ఆకులు ఏరుకొచ్చాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కఫీలు చివరిసారి గురి చూసుకోవడానికి స్కోపు తెచ్చారు. చూశాం, మేకు మీదే ఉంది. నమాజు వేళయింది. నన్ను చూస్తూ ఉండమని చెప్పి, ఆయన స్కోపును బల్ల మీద పెట్టి పక్కనే ఉన్న మసీదుకు వెళ్ళారు. నేను చూస్తూనే ఉన్నాను. కొబ్బరికాయ కొట్టమని కాకా పిలిస్తే మాత్రం రెండు నిమిషాలు కొబ్బరికాయను చూశాను. కఫీలు వచ్చారు, కాకా ఆయనకు జమ్మి ఆకులు చేతిలో పెట్టి, "బంగారం, అర్బాబ్," అన్నాడు. "గాఫ్!" అని ఆయన నవ్వి, ఆకులు స్కోపు పెట్టెలో వేసుకుని, స్కోపు పెట్టేసుకుని, వెళ్ళిపోయారు.

కొబ్బరిముక్క నములుతూ అడిగాను. "అన్నిటికీ పెట్టావా కాకా, బొట్టు?"

"ఒక్కటి ఇడ్వలే సారూ. అర్బాబ్ గొట్టానికి సుత పెట్టిన."

ముక్క బల్ల మీద పెట్టేశాను. "ఎక్కడ పెట్టావయ్యా?"

"ఎక్కడేంది, ముఖానికి. బొట్టు ముఖానికి వెడ్తరు గని కాళ్ళకు వెడ్తరా?"

"ముఖం అంటే, ముందున్న పెద్ద అద్దమా?"

"గదే. అంచుకు మంచిగ పసుపు రాసి, నడిమిట్ల కుంకుమ. లక్ష్మీదేవి లెక్క కొట్టొచ్చింది."

వేసవంతా మేం వెతికింది ఒకే ఒక్క సంగతి: గురి మారకుండా ఉండటం. దాని కంటి మీద ఇప్పుడు పసుపూ కుంకుమా. కఫీలు అది చూసుకోకుండా కొండెక్కుతారు. గురి చూస్తారు. మళ్ళీ ఒక మేక కుంటుతుంది. ఈసారి తప్పు ఆయన చేతులదీ కాదు, గొట్టానిదీ కాదు. కాకానూ నన్నూ కలిపి ఎగుమతి చేస్తే మా ఇద్దరికీ ఒకే బోర్డింగ్ పాస్ ఇస్తారేమోనని కూడా అనిపించింది. పికప్ ఎక్కి ఇద్దరం ఆయన ఇంటికి పరుగెత్తాం.

కఫీలు మజ్లిస్ మధ్యలో బ్యాగులు సర్దుకుంటున్నారు. సంగతి చెప్పాను. ఆయన పెట్టె తెరిచారు. నిజంగానే, పెద్ద అద్దం అంచుల్లో పచ్చగా, మధ్యలో ఎర్రగా, పేరంటానికి బయలుదేరినట్టుంది. ఆయన వెనక వైపు కన్ను ఆనించి, తలుపులోంచి ఎదురింటి నీళ్ళట్యాంకును చూశారు.

"ఎక్కడుంది?" అన్నారు.

"ముందర, అర్బాబ్."

"ముందర ఉంది. లోపల లేదు. ట్యాంకు మీద పావురం కనిపిస్తోంది, దాని కాళ్ళు కనిపిస్తున్నాయి. బొట్టు మాఫీ, లేనే లేదు!"

నేను చూశాను. పావురం ఉంది. కొంచెం మసక వెలుగు, అంతే. పసుపు లేదు, కుంకుమ లేదు. ఇన్నేళ్ళు గొట్టంలో చూసి బతికినవాణ్ణి, అద్దం మీద ఏమైనా పెట్టి చూద్దామన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు! ఆ అద్దం అంతటా వెలుగు పోగుచేస్తుంది కాబట్టి, దాని ముఖానికే అంటుకున్నది దానికి కనపడదు, వెలుగు కాస్త తగ్గుతుందంతే. కఫీలు అద్దానికి అడ్డంగా వేలు పెట్టారు, నేను చూశాను. కాకా వేలు పెట్టాడు, కఫీలు చూశారు. వంటావిడ గరిటె పెట్టింది. ఎవరేం పెట్టినా పావురం మాత్రం నిలబడే ఉంది. మా భయం ఎటో పోయి, నలుగురం ఆ గొట్టం చుట్టూ తిరునాళ్ళు చేశాం.

కఫీలు కందూరా చేతితో అద్దం తుడవబోయారు. నేను గభాలున ఆయన చెయ్యి పట్టుకున్నాను. కఫీలు చెయ్యి పట్టుకుని ఆపిన మొదటి ఉద్యోగిని నేనే అయి ఉంటాను. "రుద్దకూడదు, అర్బాబ్. పొడి అద్దాన్ని గీస్తుంది." రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి బ్రష్షుతో దులిపి, చివర మందు చుక్కతో శుభ్రం చేశాను. అద్దం చుట్టూ ఉన్న సన్నని గాడిలో పసుపు గీత మాత్రం ఉండిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

"దిమ్మె మీద మళ్ళీ చూసే వ్యవధి లేదు," అన్నాను. "అక్కడ కాగితం మీద గురి చూసుకుంటారు కదా?"

"ఎప్పుడూ చూసుకుంటాను. పోయిన ఏడాదీ చూసుకున్నాను. గుర్రం పడింది దాని తరవాత."

"అయితే ఒక్క మాట. మా పనిలో స్టాండుకు ఎవరి కాలైనా తగిలితే, ఆ తరవాత చూసిన లెక్క నమ్మం. ముందు తెలిసిన గుర్తు దగ్గరికి వెనక్కి వెళ్తాం. గురి అక్కడే ఉంటేనే ముందుకి. దాన్ని బెంచ్‌మార్క్ అంటాం."

"కొండ మీద బెంచ్‌మార్క్ ఎక్కడుంటుంది, ముహందిస్?"

"రాయి, అర్బాబ్. ఏదో ఒక రాయిని ఎంచుకోండి. ప్రాణం ఉన్నదాన్ని కాదు."

ఆయన తల ఊపారు. ఒప్పుకున్నారో, ఇక వెళ్ళమన్నారో తెలియలేదు.

ఆయన కొండల్లో ఉన్నన్నాళ్ళూ నాకు గుర్రాలే కలలోకి వచ్చాయి. అన్నీ జారిపడేవే.

తిరిగొచ్చిన రోజు కఫీలు ఇంటికి పోకుండా తిన్నగా సజ్జాకు వచ్చారు. సలాం కూడా చెప్పకుండా పెట్టె తెచ్చి దిమ్మె మీద పెట్టారు. బిగించాం. చూశాను. మేకు మీదే ఉంది. కొమ్ములు మాత్రం ఎక్కడా కనపడలేదు.

అప్పుడు చెప్పారు. మంచు మీద గుర్రం ఈసారి కూడా మోకాళ్ళ మీద పడింది, తుపాకీ ఈసారి కూడా బండకు తగిలింది. ఆ సాయంత్రమే లోయకు అవతల మేక నిలబడింది. కొమ్ములు ఎంతేసి ఉన్నాయని అడిగితే ఆయన చేతులు చాపి, చాలక కాకా చేతులు కూడా చాపించారు. కోతలు కొయ్యడంలో మా కఫీలు కూడా నా బాపతే అని అప్పుడు తెలిసింది. దారి చూపే మనిషి ఆయన చెవిలో, కొట్టు, కొట్టు అని గుసగుసలాడుతున్నాడు. ఇంకో మేక దొరుకుతుందని లేదు, ఇంకో ఏడాది లేదు.

"రాయిని కొడితే చప్పుడుకు మేక పోతుంది. మేకనే కొడితే, గొట్టం అబద్ధం చెబితే…" అని ఆగారు. "పక్క వాలులో తెల్లరాయి ఒకటి చూసుకున్నాను, ముహందిస్. కొట్టాను. గీతలు కలిసిన చోటే పగిలింది. సరిగ్గా అక్కడే!"

"మరి మేక?"

"గొట్టం నిజం చెప్పిందని నాకు తెలిసేలోపే దానికి తెలిసిపోయింది. ఒక్క దూకు. నాలుగు కాళ్ళతోనూ."

దారి చూపే మనిషి తన భాషలో ఏదేదో తిట్టాడట. ఆ తిట్లు అరబీలో లేనివని కఫీలు మెచ్చుకోలుగా చెప్పారు.

కాకా ఉండబట్టలేకపోయాడు. "ఖాలీ హాత్ ఆయా, అర్బాబ్?"

కఫీలు రెండు చేతులూ కాకా ముఖం ముందు చాపి, తిప్పి చూపించారు. "ఖాలీ. కానీ చూడు, ఏమైనా వణుకుతున్నాయా?"

కాకా జాగ్రత్తగా, దూరాన కర్ర తిన్నగా ఉందో లేదో చూసినట్టు చూశాడు. "సీదా," అన్నాడు. తరవాత నా చెవిలో, "బొట్టు వెట్టిన గదా," అన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం వంటావిడ ఫోను చేసింది. గొంతులో కోపం, దాని వెనక ఇంకేదో.

"ఏం నూరిపోసి పంపేరండీ తమ్ముడుగారూ, బాబాకి? మేక మాంసం రెండుసార్లు వడ్డించుకున్నారు. గిన్నె తెమ్మని మూడోసారీ గీకేరు. మా వంటింటికి ఒక్క ముక్క మిగల్లేదు. పప్పుచారు పెట్టుకుంటన్నాం."